ముందు పొడిగుడ్డ

ఆమె ఇక లేదన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు లఖ్ము. ఒకప్పుడు మా టౌన్‌షిప్ ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేవాడు. కిరందుల్ నుంచి పొద్దుటి బస్సెక్కి జగదల్‌పూర్ వచ్చి, మా గేటు దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడిపోయాడు. అతని తెలుగు మా క్వార్టర్ల మధ్య నేర్చుకున్నది. సగం మా వాళ్ళది, సగం బజారుది.

"అక్కా, అత్త ఎల్లిపోయింది. మొన్న, అస్పతాల్‌లో," అన్నాడు. "ఆఖరి దినం కూడా అక్కడ తుడిసే ఆయమ్మని డాంటేసింది అక్కా. మంచం పక్కన స్టూలుని తడిగుడ్డతో తుడిసిందంట. 'ముందు పొడిగుడ్డ, తరవాత తడిగుడ్డ, ఎన్నిసార్లు సెప్పాలే నీకు' అని ఒకటే గొడవ," అన్నాడు.

చెబుతూ చెబుతూ నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత ఇద్దరం నవ్వడం మానేసి, గేటుకి చెరో పక్కా నిలబడ్డాం. అతన్ని లోపలికి పిలిచి టీ పెట్టి ఇచ్చాను. తిరుగు బస్సుకి వెళ్ళేదాకా అతను ఆమె మాటలే చెప్పాడు. ఆ మాటలే ఇప్పుడు నాచేత ఇది రాయిస్తున్నాయి.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆమె పలికేది కాదు, తనని కాదనుకునేది. అత్తా అంటే మాత్రం మైదానం అవతలి కొసనుంచైనా తిరిగి చూసేది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు లోడింగ్ ప్లాంటులో ఫిట్టరు. టౌన్‌షిప్ ఆస్పత్రిలో పనిచేసే కేరళ నర్సులు 'అత్త' అన్నదే ఆమె పేరని చాలాకాలం నమ్మారు. ఒకావిడ అయితే మర్యాదగా 'అత్త గారు మేడం' అనేది.

కిరందుల్ ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. మధ్యాహ్నం కొండమీద రాయి పగలగొట్టే మందు పేలితే కింద మా ఇళ్ళలో గిన్నెలు గలగలమనేవి. ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్ళు వరసగా విశాఖపట్నం వైపు దిగేవి. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ళ మరమ్మతు పని చేసేవారు. ఏ ఊరినుంచి వచ్చినవాళ్ళు ఆ ఊరి భాష మాట్లాడుకుంటూ ఎవరి క్వార్టర్ల లైనులో వాళ్ళు బతికే ఆ చోట, అందరూ ఒకచోట చేరేది వేసవి శనివారాల్లో మాత్రమే. క్లబ్బు ముందున్న మైదానంలో ఆర్కెస్ట్రా ఉండేది.

ఆర్కెస్ట్రా అంటే ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు కారు, షిఫ్టు దిగివచ్చినవాళ్ళే. లోకో షెడ్డులో పనిచేసే మాస్టారు హార్మోనియం. ఎలక్ట్రికల్‌లో ఒక బెంగాలీ ఆయన అకార్డియన్. ఆస్పత్రి నర్సుల్లో ఒకమ్మాయి పాట. పల్లెలో పెళ్ళిళ్ళకి డోలు కొట్టుకునే లఖ్ముని మాస్టారే పట్టుకొచ్చి డ్రమ్ముల ముందు కూర్చోబెట్టారు. టికెట్టు లేదు, పాసు లేదు. ముందు ఆఫీసర్ల కుటుంబాలు, వెనక మేము, మా వెనక నేలమీద పరిచిన దరీల మీద కూలీలు. అన్నిటికన్నా చివర, సంత ముగించుకుని కొండదారి పట్టబోతూ ఆగిన పల్లెల వాళ్ళు, తలమీది బుట్టలు దించి, అవే ఆనుకుని కూర్చునేవాళ్ళు.

పాట మొదలయ్యేలోపు చేయవలసిన పని చాలా ఉండేది. అది ఎవరి డ్యూటీ కాదు. అత్త, ఆమె వెంట పిడికెడు మంది ఆడవాళ్ళం, ఆ పని మాదే అనుకున్నాం. నేలకి నీళ్ళు చల్లడం, దరీలు పరవడం, కుండల్లో నీళ్ళు నింపి తడి గోనెలు చుట్టడం. అన్నిటికన్నా పెద్దపని కుర్చీలు. అక్కడి దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఇనుప రాయి పొడి. ఎర్రగా, కుంకంలా మెత్తగా ఉంటుంది, తలుపులు మూసినా పాలగిన్నెలోకి వస్తుంది. మడత కుర్చీల మీద మధ్యాహ్నానికల్లా పొర కట్టేది.

అత్త మొదటి ఏడాది చేసిన తప్పుని ఆమే అందరికీ చెప్పుకునేది, పిలిచి మరీ.

"నానేటి సేసినానంటే, సుబ్బరంగా ఉండాలని కుర్చీలన్నీ తడిగుడ్డతో తుడిసీసినాను. పొడి మీద తడి పడితే ఏటవుతాది? రంగయిపోద్ది. నాకేటి తెల్సు! మెరుస్తన్నాయి గదాని మురిసిపోనాను. అందరూ తెల్లబట్టలేసుకుని వొచ్చి కూకున్నారు. పాటలయిపోయినాయి, లేసినారు. ఓలమ్మో! వెనకనుంచి సూస్తే ఒక్కొక్కలికీ ఎర్ర పీట గుద్దీసినట్టే. గనుల పెద్దదొరతో సహా!"

ఆ ఏడాది పాటలకి ఎవరు వెళ్ళారో వాళ్ళ వీపు చూస్తే తెలిసేదట. అప్పట్నుంచి ఆమెకి ఎడమ భుజం మీద పొడిగుడ్డ, కుడి భుజం మీద తడిగుడ్డ. కొత్తగా ఎవరు పనిలోకి వచ్చినా మొదటి పాఠం అదే. ఒక వరస తుడవడం కాగానే అందులో ఒక కుర్చీలో గట్టిగా కూర్చుని లేచేది. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళకి, ఆడా మగా చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడి "ఏటైనా ఉందేటి? సరిగ్గా సూడు," అనేది. అకార్డియన్ వాయించే బెంగాలీ ఆయన సిగ్గుతో కళ్ళు మూసుకుని "నహీ అత్తా, సాఫ్, సాఫ్," అనేవాడు.

అన్ని కుర్చీలు తుడిచిన మనిషి పాట సాగుతున్నంతసేపూ ఏ కుర్చీలోనూ కూర్చునేది కాదు. నీళ్ళకుండల పక్కన నిలబడి, గరిటతో కుండ అంచుమీద తాళం వేసేది. ఆ తాళానికీ పాటకీ సంబంధం ఉండేది కాదు. పైగా గొంతు కలిపేది.

"అత్తా, నీకు దండం పెడతాను, నువ్వు పాడకు," అని మాస్టారు స్టేజీ మీదనుంచే చేతులు జోడించేవారు.

"నాను పాడకపోతే మీ పాట బాగుందని జనానికి ఎలా తెలుస్తాది మాస్టారూ?"

ఆయన తల పట్టుకుని మళ్ళీ హార్మోనియం అందుకునేవారు.

నా సంగతి ఒకటి చెప్పాలి. నేను బడిలో చదివినదాన్ని కాను. మా అమ్మ వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది, ప్రార్థన నేర్పింది, పాట నేర్పింది. అందుకే నలుగురిలో మెలగడం నాకు మొదట్నుంచీ తక్కువ. ఆ ఊరికి కాపురానికి వెళ్ళిన కొత్తలోనే నా మొదటి బిడ్డ పొత్తిళ్ళలో ఉండగానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. దాని గురించి ఎక్కువ రాయను. గుమ్మం దాటడం మానేశాను. ఇంట్లో ప్రార్థన చేసుకునేదాన్ని గాని, పాట దగ్గరికి వచ్చేసరికి గొంతు లేచేది కాదు.

ఒక మధ్యాహ్నం అత్త తలుపు తట్టింది. అంతకుముందు ఆమెని ఎరగను.

"పాత గుడ్డలుంటే ఇయ్యే గుంటా. మెత్తటివి. కుర్చీలకి."

పెట్టె తెరిచాను. పైనే ఉన్నాయి పొత్తిగుడ్డలు. మా అమ్మ తన నేత చీరలు చింపి, అంచులు మడిచి కుట్టి పంపినవి. కట్టకి కట్ట తీసి ఆమె చేతుల్లో పెట్టేశాను. ఆమె ఒకటి విప్పింది. అంచుమీద ఆ చిన్న చిన్న కుట్లని బొటనవేలితో తడిమి చూసింది. మళ్ళీ మడతపెట్టి, నన్ను జరగమని, పెట్టెలో అన్నిటికన్నా అడుగున తనే పెట్టింది.

"ఇవి కుర్చీలకి కాదు. వీటికి వేరే పనుంది, ఉంచు." మూత వేసింది. "గుడ్డలు లేకపోతే పోనీ, చేతులున్నాయి గదా. రా."

"నేను రాలేనత్తా. ఏడుపొచ్చేస్తుంది."

"వొస్తాది. ముందు పొడిగుడ్డ," అని తన ఎడమ భుజం మీదిది తీసి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం ఎన్ని కుర్చీలు తుడిచానో నాకు తెలియదు. చేతులు పనిచేస్తుంటే తల కాస్త ఊరుకుంటుందని ఆవేళ తెలిసింది. పొద్దు వాలుతుండగా పాటలు మొదలయ్యాయి. ఆ నర్సమ్మాయి జోలపాటలాంటిదేదో ఎత్తుకుంది. నా ముఖం చూసి అత్త నన్ను కుండల వెనక్కి లాక్కుపోయింది. పైటచెంగు నా ముఖానికి అడ్డంపెట్టి, "ఇప్పుడు తడిగుడ్డ. కానియ్యి," అంది. లఖ్ము డ్రమ్ముల చప్పుడులో నా ఏడుపు ఎవరికీ వినబడలేదు. ఆ సంగతి అతనికి మొన్న చెబితే, "నేను తప్పు కొడతన్నానని మాస్టారు తిట్టారు అక్కా ఆ దినం. గట్టిగా కొడతన్నావు అన్నారు. మంచిదే అయింది," అన్నాడు.

దేవుడు మనకోసం మనిషిని పంపేటప్పుడు చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపిస్తాడని నా నమ్మకం. ఆమెకి రెండు గుడ్డలిచ్చాడు. ఆయనకి స్తోత్రం.

తరవాత ప్రతి శనివారమూ వెళ్ళాను. ఆ మైదానం నాకు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. అందుకే, క్లబ్బుకి కొత్తగా వచ్చిన సెక్రటరీ గారు ఒక వేసవి మొదట్లో మమ్మల్ని పిలిచి చెప్పిన మాట నాకు నీళ్ళలో ముంచినట్టయింది.

ఆయన చెడ్డవాడు కాదు. కృష్ణాజిల్లా నుంచి వచ్చిన యువ ఆఫీసరు. కిందటేడు రెండు మూడు సార్లు గాలివాన వచ్చి కార్యక్రమం మధ్యలో చెడింది. మైకులు తడిశాయి, కుర్చీలు తుప్పుపట్టాయి.

"చూడండమ్మా, ఈ ఏడాది కూడా వాన వచ్చి ఒక్క ప్రోగ్రాం ఆగిపోయినా, ఇక మైదానం వద్దు. క్లబ్బు హాల్లో పెట్టేద్దాం. దుమ్ము ఉండదు, మీకూ ఈ శ్రమ ఉండదు," అన్నారు.

హాలంటే పాసున్నవాళ్ళకే. పాసులు ఆఫీసర్లవి. మేము వెళ్ళలేం, దరీల మీది కూలీలు వెళ్ళలేరు, బుట్టలవాళ్ళ మాట ఎత్తనే అక్కర్లేదు. మాలో ఒకావిడ అక్కడే గొడవకి దిగబోయింది. అత్త ఆమె చెయ్యి నొక్కింది.

"దుమ్ముండదు, నిజమే బాబూ," అంది. "జనమూ ఉండదు."

"వాన నేను ఆపలేను కదమ్మా."

"తమరెందుకు ఆపడం? కురిస్తే కురవనీండి. పాట ఆగకపోతే సరేనా?"

ఆయన నవ్వి, సరే అన్నారు. బయటికి రాగానే గొడవ పడబోయినావిడ, "అంత మెత్తగా మాటాడితే ఆయన వింటాడేటి?" అని అత్త మీద పడింది. "ముందు పొడిగుడ్డే," అంది అత్త. "ఎత్తుకోగానే తడేసీస్తే మరకైపోద్ది."

ఆ వారమే లోడింగ్ ప్లాంటు నుంచి ఆమె మొగుడు ఒక టార్పాలిన్ బరకం మోసుకొచ్చాడు. మోటార్లకి కప్పీ కప్పీ చిల్లులుపడి, పనికిరాదని పక్కన పడేస్తే, పెద్దసారుని అడిగి తెచ్చాడు. పరిస్తే అత్త వాళ్ళ వరండా నిండి, మెట్లు దిగి, పక్కింటి తులసికోట దాకా వెళ్ళింది. మధ్యాహ్నాలు అందరం దాని చుట్టూ కూర్చుని దబ్బనం, పురికొసలతో చిరుగులు కుట్టాం. చిల్లులకి సైకిలు ట్యూబు ముక్కలు కోసి, పంక్చరు అంటించే జిగురుతో అతికించాం. నాకు అప్పటికి మళ్ళీ మూడో నెల. జిగురు వాసనకి కడుపులో తిప్పుతోందని అత్త నన్ను అరుగు చివర కూర్చోబెట్టి ట్యూబు ముక్కలు కోసే పనిచ్చింది.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఆ బరకం నిలబెట్టడానికి వెదుళ్ళు దొరికాయి గాని, పాతడానికి నేల లేదు. మైదానమంతా ఇనుపరాయి. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు రేగాయి తప్ప గుంట పడలేదు. మగవాళ్ళు తలలు పట్టుకున్నారు.

"గుంజలు పాతలేకపోతే మనుసులే గుంజలు," అంది అత్త. "వొక్కో వెదురూ వొక్కొక్కలు పట్టుకుంటే నిలబడదేటి?"

"గాలివానలో ఎంతసేపు పట్టుకుంటావే?" అన్నాడు మొగుడు.

"పాట అయినంతసేపు."

వేసవి గడుస్తోంది. శనివారం తరవాత శనివారం, గాలి రేగేది, కొండమీద మబ్బు పట్టేది, తేలిపోయేది. ప్రతిసారీ అత్త నావైపు చూసి, "మీ దేవుడికి సెప్పినావేటే గుంటా? మా దేవుడికి నాను సెప్పీసినాను," అనేది. చెప్పానత్తా అనేదాన్ని. నిజంగానే రోజూ చెప్పేదాన్ని.

చివరి శనివారం వచ్చింది. తరవాత ఎలాగూ వానాకాలమే. సెక్రటరీ గారు భార్యతో సహా ముందు వరసలో కూర్చున్నారు. పాటలు సగంలో ఉండగా కొండ వెనక ఉరిమింది. ఎర్రదుమ్ము గోడలా లేచి వచ్చింది. దాని వెనకే చినుకు, ఒక్కొక్కటీ కందిగింజంత. అకార్డియన్ ఆయనే పరుగెత్తి మైకులకి కరెంటు తీసేశాడు. ముందు వరసలు లేచిపోతున్నాయి. సెక్రటరీ గారు లేచి, అత్తవైపు చూసి, ఇక అయిపోయింది అన్నట్టు చేతులు విప్పారు.

"ఇద్దరు దేవుళ్ళకీ సెప్పినాం గదే," అని అరిచింది అత్త, బరకం భుజానికెత్తుకుంటూ. "వాలిద్దరూ కలిసి మాటాడుకుని వానే పంపుదామనుకున్నట్టున్నారు! పట్టండే!"

నన్ను మాత్రం స్టేజీ పక్కన హార్మోనియం దగ్గర కూర్చోమంది. దాన్ని కాపాడు, నువ్వు వెదురు పట్టుకున్నావో కాళ్ళు విరగ్గొడతాను అంది. మిగిలినవాళ్ళు బరకం విప్పి ఎత్తారు. ఆడవాళ్ళు సరిపోలేదు. అడక్కుండానే దరీల మీదనుంచి కూలీలు వచ్చి వెదుళ్ళు అందుకున్నారు. బుట్టలవాళ్ళు బుట్టలు వదిలేసి వచ్చారు, వాళ్ళ చేతులకి వెదురు అలవాటే. గాలికి బరకం గుర్రంలా లేచింది. అన్ని పక్కలా మనుషులున్నారు, ఒక్క మూల ఖాళీ. అది ఎగిరి కొట్టుకుంటోంది. ఆ మూలకి దగ్గర్లో ఉన్నవారు సెక్రటరీ గారే.

"బాబూ! సూస్తారేటి? ఆ మూల పట్టండి!"

ఆయన పట్టుకున్నారు. ఆలోచించి పట్టుకున్నారని నేననుకోను. అంత గట్టిగా అరిస్తే ఎవరైనా పట్టుకుంటారు.

మైకు లేదు. పైన వాన మోత. నర్సమ్మాయి పాట మొదటి వరసకే వినబడటంలేదు. అందుకని జనం దగ్గరికి జరిగారు. బరకం కింద ఎంతమంది పడతారో అంతమందీ, ఆఫీసరమ్మలు, కూలీలు, సంత నుంచి వచ్చిన ముసలమ్మలు, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా స్టేజీ చుట్టూ కూర్చున్నారు. ఒక్క గొంతు చాలక మాస్టారు అందరినీ పల్లవి అందుకోమని చెయ్యి ఊపారు. భాష తెలిసినవాళ్ళు మాటలతో, తెలియనివాళ్ళు రాగంతో అందుకున్నారు. హార్మోనియం మీద చినుకు పడకుండా మాస్టారి పక్కన పైట అడ్డంపట్టి కూర్చున్న నేను కాసేపటికి గమనించాను, నా నోరు కదులుతోంది. గొంతు వస్తోంది. కడుపులో బిడ్డ కదిలిందో, డ్రమ్ము దెబ్బకి అలా అనిపించిందో, ఇప్పటికీ చెప్పలేను.

బరకం నడుమ నీళ్ళు నిండి బొజ్జలా దిగాయి. లఖ్ము డ్రమ్ము పుల్లతో పైకి పొడిచాడు. ఆ నీళ్ళన్నీ జారి సరిగ్గా సెక్రటరీ గారి నెత్తిన పడ్డాయి. ఎర్రటి నీళ్ళు. తెల్లచొక్కా ఆసాంతం కావిరంగైంది. పాట ఆగబోయింది. ఆయన వెదురు వదల్లేదు. ముఖం భుజానికి తుడుచుకుని, "ఆపకండి, కానివ్వండి," అన్నారు.

చివరి పాట దాకా వాయించారు. వాన కూడా దాదాపు అప్పుడే వెలిసింది. ఆడా మగా, ఆఫీసరు కూలీ, అందరి బట్టలూ ఒకే ఎరుపు. అత్త సెక్రటరీ గారి చుట్టూ తిరిగి చూసి, "నా మొదటేడు గురుతొస్తంది బాబూ," అంది. హాలు ఊసు ఎత్తలేదు. ఆయనే బరకంకేసి తలెత్తి చూసి, "ఇది కారుతోందమ్మా. వచ్చే ఏడాదికి కొత్తది శాంక్షన్ చేయిస్తాను. వెడల్పుది," అన్నారు.

అందరూ వెళ్ళాక ఆమె తడి కుర్చీలు చూసి దిగులుగా నిలబడింది. "ఇప్పుడేటే, ముందే తడైపోనాయి," అంది. నేను ఆమెని ఒక కుర్చీలో కూర్చోబెట్టాను. మరక చూడటానికి కాకుండా, ఆవేళ ఒక్కసారి కూర్చుంది.

వానాకాలం చివర్లో నాకు కూతురు పుట్టింది. అత్త వచ్చి, నన్నడక్కుండా, పెట్టె అడుగునుంచి ఆ కట్ట తీసింది. ఎండలో వేసి, దులిపి, బిడ్డని అందులో చుట్టింది. నా కూతురు ఇప్పుడు ఆ గనుల దగ్గరే ఉన్న బచేలిలో పిల్లలకి పాట నేర్పుతోంది. కొత్త బరకం వచ్చింది, అదీ పాతబడింది, మైదానంలో పాటలు చాలా వేసవులు సాగాయి. ఇవన్నీ తలుచుకుని దేవునికి వందనాలు చెప్పుకుంటాను. వాటిలో ఏ ఒక్కటీ నేను సంపాదించుకున్నది కాదు.

మొన్న లఖ్ము వెళ్ళాక టీ గ్లాసులు కడిగాను. ఇల్లు ఊడ్చాను. ఆరిన బట్టలు మడిచాను. సాయంత్రం ప్రార్థన చేసుకున్నాను. చేయవలసిన పనులన్నీ అయ్యాక, అప్పుడు వెళ్ళి వరండాలో కూర్చుని పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె చెప్పిన వరస తప్పలేదు.

ఇది చదివేవాళ్ళని ఒకటి అడుగుతాను. ఏ వేసవి సాయంత్రమో ఆరుబయట పాట వినడానికి వెళతారు. కూర్చునే ముందు అలవాటుకొద్దీ కుర్చీమీద చెయ్యివేసి చూస్తారు కదా. చేతికి దుమ్ము అంటకపోతే, మీకన్నా ముందే అక్కడికి ఎవరో వచ్చి వెళ్ళారన్నమాట. పాట మొదలయ్యేలోపు ఆమెని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియనక్కర్లేదు. అత్తా అనుకుంటే చాలు, తిరిగి చూస్తుంది.